ఒకే తీసివేత, మూడు జవాబులు: బీజీయ భిన్నాల్లో మైనస్ ఎక్కడ జారిపోతోంది?

చాక్‌పీస్
నా దగ్గర లెక్కలు నేర్చుకునే పిల్లలకు ఈ తీసివేత ఇచ్చాను. చరరాశికి 'య' వాడుతున్నాను, మీరూ అదే వాడితే అందరికీ చదవడం సులువు.

5/(య − 3) − (య − 4)/(య² − 9)

మూడు రకాల జవాబులు వచ్చాయి.

మొదటిది: (4య + 11)/(య² − 9)
రెండోది: (4య + 19)/(య² − 9)
మూడోది: (4య² + 7య − 57)/(య³ − 3య² − 9య + 27)

రెండోది సరైనదే, అందులో నాకు అనుమానం లేదు. నా ఇబ్బంది వేరే. మొదటి జవాబు రాసిన అబ్బాయికి కారణాంకాలు వచ్చు, క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) వచ్చు, కూడికలైతే ఒక్కటీ తప్పడు. తీసివేత వస్తే మాత్రం ఇలాగే బోల్తా పడతాడు. "గుర్తులు జాగ్రత్తగా చూసుకో" అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది. ఇంకెలా చెప్పాలి? మూడో జవాబుకి పూర్తి మార్కులు వేయాలా వద్దా అన్నది కూడా తేల్చండి.

రఫ్‌నోటు
ఆ అబ్బాయి లవంలో 5(య + 3) − య − 4 అని రాసి ఉంటాడు. కాగితం చూడకుండానే చెప్పొచ్చు.

"జాగ్రత్త" అనే మాట వాడికి ఏ పనీ చెప్పదండీ. ఎక్కడ ఏం చేయాలో చెప్పాలి. లెక్క మొదట్లో రెండు గీతలున్నాయి. రెండో గీత మీద (య − 4) మొత్తం ఒక ముద్దగా కూర్చుని ఉంది. ఆ గీతే దాన్ని కట్టి ఉంచింది, అందుకే బ్రాకెట్ రాయకపోయినా నడిచింది. ఉమ్మడి హారం తెచ్చి రెండు గీతల బదులు ఒకే పొడుగు గీత వేసిన క్షణాన ఆ పాత గీత పోయింది, దాంతో కట్టూ ఊడింది. ఆ స్థానంలో బ్రాకెట్ పెట్టకపోతే మైనస్ మొదటి పదానికి తగిలి ఆగిపోతుంది.

[5(య + 3) − (య − 4)] / [(య − 3)(య + 3)]

ఈ వరుస రాయకుండా తర్వాతి వరుసకి పోకూడదు అని ఒక్క నియమం పెట్టండి. లవంలో ఒకే పదం ఉన్నా సరే బ్రాకెట్ ఉండాల్సిందే. ఇక్కడి నుంచి 5య + 15 − య + 4, అంటే 4య + 19.

ఆఖరిబెంచీ
గీతకీ బ్రాకెట్‌కీ ఏం సంబంధం అన్నా? గీత అంటే భాగించడమే కదా.

రఫ్‌నోటు
భాగించడమే తమ్ముడూ, కానీ దేన్ని భాగించాలి? పైనున్న మొత్తాన్ని. ఆ "మొత్తాన్ని" అనే మాటని గీత పొడవే చెబుతోంది. అంకెలతో చూడు.

20/7 − (9 − 4)/7

రెండో భిన్నం 5/7. కాబట్టి జవాబు 15/7. ఇప్పుడు ఒకే గీత కిందకి తెచ్చి బ్రాకెట్ మర్చిపో: 20 − 9 − 4 = 7, జవాబు 7/7, అంటే 1. తీసేయాల్సింది 5, నువ్వు తీసేసింది 13. ఆ 9లోంచి తగ్గాల్సిన 4ని కూడా నీ ఖాతాలోంచే లాగేశావు.

వర్గమూలం
దీనికి ఇంకో కోణం ఉంది. కూడికలో బ్రాకెట్ మర్చిపోయినా ఏ నష్టమూ లేదు. 20 + (9 − 4), 20 + 9 − 4 రెండూ ఒకటే. పిల్లలు ముందు కూడికలు చేస్తారు, బ్రాకెట్ లేకుండా చేసినవన్నీ సరిగ్గా వస్తాయి. అలా అక్కర్లేని సామానులా బ్రాకెట్‌ని పక్కన పడేయడం అలవాటైపోతుంది. తీసివేత దగ్గరికొచ్చాక అది కావాలని ఎవరూ విడిగా చెప్పరు. చాక్‌పీస్ గారూ, మీ అబ్బాయి కూడికల్లో ఒక్కటీ తప్పడు అన్నారు చూడండి, రోగం అక్కడే మొదలైందని నా అభిప్రాయం. కూడికలప్పుడే బ్రాకెట్ రాయించండి.

కొట్టివేత_వీరుడు
నేనైతే బ్రాకెట్ గోలే పెట్టుకోను. తీసివేతని ముందే కూడికగా మార్చేస్తా. రెండో భిన్నం లవంలో ప్రతి గుర్తూ తిప్పేసి, మధ్యలో ప్లస్ పెడతా.

5/(య − 3) + (4 − య)/(య² − 9)

ఇక్కడి నుంచి మామూలు కూడిక: 5య + 15 + 4 − య. అయిపోయింది.

వర్గమూలం
పద్ధతి మంచిదే, నేనూ వాడతాను. ఒక గుంట మాత్రం ఉంది. మైనస్‌ని లవానికి ఇవ్వొచ్చు, లేదా హారానికి ఇవ్వొచ్చు, రెండింటికీ ఇస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. −(క/గ) అన్నది (−క)/గ కి సమానం, క/(−గ) కి సమానం. (−క)/(−గ) మాత్రం తిరిగి క/గ అయిపోతుంది. "గుర్తులన్నీ తిప్పేయ్" అని పిల్లలకు చెబితే సగంమంది పైనా కిందా రెండూ తిప్పి కూర్చుంటారు. "లవంలోవి మాత్రమే" అని గట్టిగా చెప్పాలి.

పాతలెక్కల_పెట్టె
గీత గురించి మాటొచ్చింది కాబట్టి చిన్న ముచ్చట. మన పాత గణిత గ్రంథాల్లో భిన్నానికి గీతే లేదు. లవం పైన, హారం కింద రాసి ఊరుకునేవారు. మధ్యలో అడ్డగీత 12వ శతాబ్దంలో, ఉత్తర ఆఫ్రికాకి చెందిన గణితజ్ఞుడు అల్‌ హస్సార్ రాతల్లో కనిపిస్తుంది. ఇంకా విచిత్రం ఏమిటంటే బక్షాలీ రాతప్రతి అనే ప్రాచీన భారతీయ గణిత గ్రంథంలో రుణ సంఖ్యని చూపడానికి అంకె పక్కన పెట్టిన గుర్తు అచ్చం ఇప్పటి ప్లస్‌లా ఉంటుంది! అది చూసి లెక్క చేయమంటే మనందరికీ సున్నా మార్కులే.

ఆఖరిబెంచీ
హహ. సరే, ఇది చేసి పెట్టండి ఎవరైనా: 3/య+1 − 2/య−1

సున్నా_భాగహారం
ఏది ఉద్దేశం? 3/య కి 1 కలపాలా, 3ని (య + 1) తో భాగించాలా? నువ్వు టైపు చేసినట్టు చదివితే మొదటిదే. పైన రఫ్‌నోటు గారు చెప్పిన సంగతే ఇది. కాగితం మీద పొడుగు గీత చేసే పని టైపు చేసినప్పుడు ఆ వాలుగీత చేయలేదు. బ్రాకెట్లు నువ్వే పెట్టాలి.

ఆఖరిబెంచీ
3/(య + 1) − 2/(య − 1) అండీ.

సున్నా_భాగహారం
ఇలా రాస్తే బాగుంది. హారాలకు ఉమ్మడి కారణాంకం లేదు, కాబట్టి క.సా.గు. వాటి లబ్ధమే.

[3(య − 1) − 2(య + 1)] / [(య + 1)(య − 1)]
= (3య − 3 − 2య − 2)/(య² − 1)
= (య − 5)/(య² − 1)

ఇక్కడ రెండో బ్రాకెట్ ముందున్నది −2. మైనస్‌తో కలిపే గుణించు, −2 ఇంటూ +1 అంటే −2. "ముందు 2తో గుణిస్తా, గుర్తు తర్వాత చూసుకుంటా" అనుకున్నవాళ్లే −3 + 2 రాసి (య − 1) తెస్తారు. అలా వస్తే కింద (య − 1)తో పోయి 1/(య + 1) అని ముద్దుగా కనిపిస్తుంది కూడా! తప్పు జవాబు అందంగా ఉంటే ఇంకా ప్రమాదం, ఎవరూ అనుమానించరు.

చాక్‌పీస్
బ్రాకెట్ సంగతి బోధపడింది, రేపటి నుంచి కూడికల్లో కూడా రాయిస్తాను. మూడో జవాబు మాట ఎవరూ ఎత్తలేదు.

కొట్టివేత_వీరుడు
మూడోది తప్పు. క.సా.గు. తీయలేదు.

వర్గమూలం
తప్పు ఎలా అవుతుంది? హారాలు రెంటినీ గుణించేసింది ఆ అమ్మాయి, అంతే కదా. ఉమ్మడి హారం అంటే రెండు హారాలతోనూ భాగింపబడేది ఏదైనా కావచ్చు. అన్నిటికంటే చిన్నదే కావాలని ఎవరన్నారు? 7/12 − 5/18 చేసేటప్పుడు 36 బదులు 216 తీసుకుంటే 126/216 − 60/216 = 66/216 వస్తుంది. సూక్ష్మీకరిస్తే 11/36. విలువ ఎక్కడికీ పోలేదు. ఈమెది కూడా అంతే:

4య² + 7య − 57 = (య − 3)(4య + 19)
య³ − 3య² − 9య + 27 = (య − 3)(య² − 9)

పైనా కిందా (య − 3) కొట్టేస్తే రెండో జవాబే.

కొట్టివేత_వీరుడు
పరీక్షలో "సూక్ష్మీకరించండి" అని అడిగితే ఇది జవాబు కాదు కదా సార్. పైగా 4య² + 7య − 57 ని కారణాంకాలుగా విడగొట్టడం నాలుగు నిమిషాల పని. మధ్యపదం 7యని 19య − 12య గా చీల్చాలని ఎవరికి తడుతుంది? ముందు య² − 9 ని విడగొట్టి ఉంటే అది (య − 3)(య + 3) అని, మొదటి హారం అందులోనే ఉందని ఒక్క చూపులో తెలిసేది.

వర్గమూలం
ఆ మాటతో నాకు పేచీ లేదు. విలువ సరైనది, ప్రయాణం చుట్టుదారి. నేనైతే ఒక మార్కు కోసి, "హారాన్ని విస్తరించకుండా వదిలేయ్" అని పక్కన రాస్తాను.

రఫ్‌నోటు
ఆ చివరి మాటకి నా ఓటు. హారాన్ని గుణించి విప్పకండి, లవాన్ని మాత్రం విప్పండి. లవంలో సజాతి పదాలు కలపాలి కాబట్టి అక్కడ బ్రాకెట్లు విప్పక తప్పదు. కింద కలిపేదేమీ లేదు. పైగా ఆఖర్న ఏదైనా కొట్టేయొచ్చేమో చూడాలంటే కింద కారణాంకాలు కనిపిస్తూ ఉండాలి. కష్టపడి విప్పి మళ్లీ కష్టపడి చుట్టడం ఎందుకు?

ఈ లెక్క చూడండి, నాకు చాలా ఇష్టమైనది:

1/(య² − 5య + 6) − 2/(య² − 4య + 3)

మొదటి హారం (య − 2)(య − 3). రెండోది (య − 1)(య − 3). (య − 3) రెండింటిలోనూ ఉంది కాబట్టి దాన్ని ఒక్కసారే తీసుకుంటాం. క.సా.గు. (య − 1)(య − 2)(య − 3). మొదటి దానిలో లేనిది (య − 1), రెండో దానిలో లేనిది (య − 2).

లవం: 1(య − 1) − 2(య − 2) = య − 1 − 2య + 4 = −య + 3 = −(య − 3)

కింద (య − 3) కాచుకుని ఉంది. రెండూ పోతే:

−1/[(య − 1)(య − 2)]

హారాన్ని ముందే విప్పి ఉంటే కింద య³ − 6య² + 11య − 6 ఉండేది. (3 − య) దానిలో ఎక్కడ దాక్కుందో చూసి పట్టుకోండి మరి!

పాతలెక్కల_పెట్టె
భిన్నాలకు క.సా.గు. వాడే పద్ధతిని క్రీ.శ. 850 ప్రాంతంలో మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో స్పష్టంగా ఇచ్చాడు. ఆయన దాన్ని నిరుద్ధం అన్నాడు. ఆ గ్రంథాన్నే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. కాబట్టి హారాలన్నీ ఎడాపెడా గుణించేయడం మీద విసుగు ఇవాళ్టిది కాదు.

సున్నా_భాగహారం
రఫ్‌నోటు గారి లెక్కలో నా పేరుకి సంబంధించిన విషయం ఒకటి మిగిలిపోయింది. ఆఖరి జవాబు చూస్తే య విలువ 1, 2 కాకూడదని తెలుస్తుంది. య = 3 పెడితే హాయిగా −1/2 వస్తుంది. కానీ అసలు లెక్కలో య = 3 పెడితే రెండు హారాలూ సున్నా. అక్కడ ఆ తీసివేతకి అర్థమే లేదు. కొట్టేసినంత మాత్రాన ఆ అడ్డంకి తొలగిపోదు. జవాబు పక్కన "య ≠ 1, 2, 3" అని మూడూ రాయాలి.

అందుకే నేను కారణాంకాలు తీసిన వెంటనే, ఇంకేమీ చేయకముందే, ఆ విలువల్ని ఓ మూల రాసేసుకుంటా. ఆఖరి జవాబు చూసి రాద్దామంటే 3 తప్పించుకుంటుంది.

కొట్టివేత_వీరుడు
మార్కులు దానికెవరు వేస్తారు లెండి.

సున్నా_భాగహారం
మార్కుల కోసమే అయితే వదిలేయండి. ఇదే తీసివేత ఒక సమీకరణంలో వచ్చి, సాధిస్తే య = 3 అని వచ్చిందనుకోండి, అప్పుడు ఆ మూల రాసుకున్న 3 మిమ్మల్ని కాపాడుతుంది. అది సాధన కాదు, పారేయాలి.

ఆఖరిబెంచీ
సమీకరణం అంటే గుర్తొచ్చింది. సమీకరణాల్లో సార్ హారాలన్నీ క.సా.గు.తో గుణించి ఎగరగొట్టేస్తారు. ఇక్కడ కూడా అలా చేస్తే జవాబు 4య + 19 అని నీట్‌గా వస్తుంది కదా. ఈ హారం మోసుకుంటూ తిరగడం దేనికి?

వర్గమూలం
సమీకరణానికి రెండు పక్కలున్నాయి. రెండు పక్కలా ఒకే సంఖ్యతో గుణిస్తే సమానత్వం చెడదు, అందుకే హారాన్ని తీసేయొచ్చు. ఇక్కడ సమానం గుర్తుకి అవతల ఏమీ లేదు, ఉన్నదల్లా ఒక సమాసం. దాన్ని (య² − 9)తో గుణిస్తే దాని విలువే మారిపోతుంది. య = 4 పెట్టి చూడు. అసలు లెక్క 5/1 − 0/7 = 5. నీ 4య + 19 ఎంత? 35. ఏడింతలైపోయింది, ఎందుకంటే య² − 9 అక్కడ 7.

ఈ తప్పు నేను తరచూ చూస్తుంటాను. సమీకరణాల పాఠం అయ్యాక మరీ ఎక్కువ. ప్రశ్నలో "=" ఉందా లేదా అన్నది ముందు చూసుకోవాలి.

చాక్‌పీస్
విలువ పెట్టి చూడడం బాగుంది. పిల్లలకు సరిచూసుకునే పద్ధతిగా ఇదే నేర్పొచ్చా? య = 0 పెట్టమంటే గుణకారాలు కూడా తప్పుతాయి.

రఫ్‌నోటు
నేర్పండి, సున్నా మాత్రం వద్దు. మీ లెక్కలో సున్నా పనిచేస్తుంది: అసలు విలువ −5/3 − 4/9 = −19/9. మొదటి జవాబు −11/9 ఇస్తుంది, దొరికిపోయింది. కానీ ఎవరైనా 4య బదులు 6య రాసి (6య + 19)/(య² − 9) తెచ్చారనుకోండి, సున్నా దగ్గర అది కూడా −19/9 ఇచ్చి తప్పించుకుంటుంది. సున్నా పెడితే య ఉన్న పదాలన్నీ కనుమరుగవుతాయి, అక్కడి తప్పు ఎలా తెలుస్తుంది?

య = 1 కూడా అంతంతమాత్రమే. య, య², య³ అన్నీ 1 అయిపోతాయి కాబట్టి ఘాతాల్లో తప్పు బయటపడదు. 2 గానీ 4 గానీ మంచివి, హారం సున్నా చేయకపోతే చాలు.

కొట్టివేత_వీరుడు
ఒక విలువకి సరిపోయినంత మాత్రాన జవాబు సరైనదని ఎలా చెప్తారు? అది నిరూపణ కాదు.

రఫ్‌నోటు
ఒక విలువతో కాదు, నిజమే. సరిపోకపోతే మాత్రం తప్పని ఖాయం. సరిపోతే "బహుశా" అంతే.

వర్గమూలం
"బహుశా"ని "ఖాయం" చేసుకునే దారి కూడా ఉంది, ఇది చాలామంది పట్టించుకోరు. సరైన జవాబు హారమూ మీ జవాబు హారమూ ఒకటే అనుకోండి, లవాలు రెండూ మొదటి పరిమాణం (అంటే య మీది పెద్ద ఘాతం 1) దాటవనుకోండి. అప్పుడు రెండు వేర్వేరు విలువల దగ్గర అవి కలిస్తే చాలు, అవి అన్నిచోట్లా ఒకటే. రెండు సరళరేఖలు రెండు బిందువుల దగ్గర కలిస్తే అవి ఒకే రేఖ కదా, అదే కారణం. లవాలు రెండో పరిమాణం వరకూ ఉంటే మూడు విలువలు కావాలి. పరిమాణం కంటే ఒకటి ఎక్కువ, ఎప్పుడూ అంతే.

మీ లెక్కలో హారం య² − 9, లవం 5(య + 3) − (య − 4), అంటే మొదటి పరిమాణమే. య = 4 దగ్గర (4·4 + 19)/7 = 5, సరిపోయింది. య = 0 దగ్గర −19/9, సరిపోయింది. రెండు విలువలతో పూర్తి నిరూపణ అయిపోయింది. కాబట్టి సున్నాని ఒంటరిగా నమ్మకూడదు గానీ, ఇంకో విలువ తోడుంటే అదీ పనికొస్తుంది.

ఆఖరిబెంచీ
ఇది బాగుంది!! మరి 7/(య − 2) − 3/(2 − య) కి క.సా.గు. ఎంత? (య − 2)(2 − య) యేనా?

కొట్టివేత_వీరుడు
అక్కర్లేదు. (2 − య) అంటే −(య − 2). ఆ మైనస్‌ని బయటికి లాగితే ముందున్న మైనస్‌తో కలిసి ప్లస్ అవుతుంది.

7/(య − 2) + 3/(య − 2) = 10/(య − 2)

ఆఖరిబెంచీ
నేను రెండూ గుణించి చేస్తే పైన 14 − 7య − 3య + 6 వచ్చింది, అంటే 20 − 10య. ఇది వేరే కదా.

కొట్టివేత_వీరుడు
వేరే కాదు తమ్ముడూ. 20 − 10య = 10(2 − య). కింద (2 − య) ఉంది, కొట్టేయ్. 10/(య − 2) మిగులుతుంది. దారి పొడుగు, ఊరు అదే.

కొట్టేయడం అంటే గుర్తొచ్చింది, (య + 5)/(య + 2) లో య లు కొట్టేసి 5/2 రాసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. య = 1 పెడితే 6/3 = 2 వస్తుంది, 5/2 కాదు. గుణకారంలో ఉన్న కారణాంకాన్నే కొట్టేయాలి. కూడికలో ఉన్న పదాన్ని ముట్టుకోకూడదు. నా పేరు చూసి అందరూ నన్నే అనుమానిస్తారని ముందే చెప్తున్నా.

చాక్‌పీస్
భిన్నం కాని సంఖ్య ముందుంటే? 3 − (య − 1)/(య + 2) లాంటివి. దీని దగ్గర పిల్లలు బిగుసుకుపోతారు.

సున్నా_భాగహారం
3 కింద 1 ఉందనుకోమనండి. ఉమ్మడి హారం (య + 2). లవం 3(య + 2) − (య − 1) = 2య + 7. బ్రాకెట్ సంగతి ఇక్కడా అంతే.

లిమిట్_దాటను
ఆలస్యంగా వస్తున్నాను. నేను కలనగణితం చెబుతాను. నా దగ్గరికొచ్చే పిల్లలు అవధుల్లో (లిమిట్స్‌లో) తప్పినట్టు కనిపిస్తారు గానీ, తీరా చూస్తే తప్పు ఈ తీసివేతలోనే ఉంటుంది. 1/య కి అవకలజం (య మారుతుంటే అది మారే రేటు) నిర్వచనం నుంచి తీయాలంటే మొదటి అడుగే ఇది, హ అంటే య లో చిన్న మార్పు:

1/(య + హ) − 1/య

లవం: య − (య + హ) = −హ. బ్రాకెట్ మర్చిపోతే య − య + హ = +హ. అక్కడితో జవాబు గుర్తు తలకిందులైపోతుంది. సరిగ్గా చేస్తే −హ/[య(య + హ)], హ తో భాగిస్తే −1/[య(య + హ)], హ సున్నాకి చేరుతుంటే −1/య². య ధనాత్మకంగా పెరిగేకొద్దీ 1/య తగ్గుతుంది కాబట్టి రుణాత్మకమే రావాలి. ప్లస్ వచ్చినప్పుడు ఇది ఆలోచిస్తే చాలు, తప్పు దొరుకుతుంది. ఎవరూ ఆలోచించరు.

పాతలెక్కల_పెట్టె
ఇదే తీసివేతలో హ కి 1 పెట్టి, గుర్తు తిప్పితే ఇంకో వినోదం ఉంది.

1/న − 1/(న + 1) = 1/[న(న + 1)]

దీన్ని కుడి నుంచి ఎడమకి చదవండి. 1/(1·2) + 1/(2·3) + 1/(3·4) + … + 1/(99·100) ఎంత అని అడిగితే, ఒక్కో పదాన్నీ రెండు భిన్నాల తీసివేతగా విడగొడితే మధ్యలోవన్నీ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. మిగిలేది 1 − 1/100 = 99/100. 1672లో పారిస్‌లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ యువకుడైన జర్మన్ గణితజ్ఞుడు లైబ్నిజ్‌కి ఇచ్చిన ప్రశ్న ఈ జాతిదే: త్రిభుజ సంఖ్యల వ్యుత్క్రమాల మొత్తం, 1 + 1/3 + 1/6 + 1/10 + … ప్రతి పదమూ 2/[న(న + 1)] కాబట్టి మొత్తం 2. లైబ్నిజ్ సాధించింది ఇలా తేడాలుగా విడగొట్టే.

ఆఖరిబెంచీ
అంటే తీసివేత చేసి కలపడం మాత్రమే కాదు, కలిసి ఉన్నదాన్ని తీసివేతగా విడగొట్టడం కూడానా?

లిమిట్_దాటను
అవును, దాన్నే పాక్షిక భిన్నాలు అంటారు. సమాకలనంలో రోజూ వాడతాం. దానికి వేరే చర్చ పెట్టు, ఇక్కడ కలిపితే చాక్‌పీస్ గారి ప్రశ్న కొట్టుకుపోతుంది.

చాక్‌పీస్
కొట్టుకుపోలేదు లెండి, బోలెడంత దొరికింది. మొదటి అబ్బాయి కోసం ఒక లెక్క తయారుచేశాను. బ్రాకెట్ పెడితేనే అందంగా తేలేది కావాలనుకున్నాను:

(2య + 1)/(య² + 3య) − 1/(3య)

ఎవరైనా చేసి చూడండి, పిల్లలకు ఇవ్వొచ్చా అని.

ఆఖరిబెంచీ
నేను చేస్తా.
య² + 3య = య(య + 3). క.సా.గు. 3య(య + 3).
[3(2య + 1) − (య + 3)] / [3య(య + 3)]
= (6య + 3 − య − 3)/[3య(య + 3)]
= 5య/[3య(య + 3)]
= 5/[3(య + 3)], య ≠ −3
సరిచూశా: య = 2 పెడితే 5/10 − 1/6 = 1/3. జవాబు 5/15 = 1/3. వచ్చేసింది!

సున్నా_భాగహారం
లెక్క బాగుంది, బ్రాకెట్ పెట్టావు, 2 పెట్టి సరిచూశావు. య ≠ 0 ఏది?

కొట్టివేత_వీరుడు
వదలడు ఈయన 😄

రఫ్‌నోటు
చాక్‌పీస్ గారూ, పిల్లలకు ఇచ్చేయండి. బ్రాకెట్ మర్చిపోయినవాళ్లకు పైన 5య + 6 వస్తుంది, ఏదీ కొట్టేయడానికి కుదరదు, వాళ్లంతట వాళ్లే వెనక్కి వెళ్లి వెతుక్కుంటారు. ఒక్క మార్పు చేయండి: రెండో భిన్నం లవంలో 1 బదులు (య + 1) పెట్టి ఇంకో లెక్క కూడా ఇవ్వండి. అప్పుడు లవం 3(2య + 1) − (య + 1)(య + 3), అంటే 6య + 3 − (య² + 4య + 3), అంటే 2య − య². మూడు పదాలకీ గుర్తు మారాలి, పైగా య బయటికొచ్చి (2 − య)/[3(య + 3)] గా తేలుతుంది. మొదటి లెక్క వచ్చినవాళ్లకు దీంతో గట్టి పరీక్ష.

ఆఖరిబెంచీ
య ≠ 0, −3. ఈసారి ముందే రాశా.